కూర్చోబెట్టే కుర్చీయా, లేపే కుర్చీయా? పదిమంది కలిసి పనిచేసే స్టూడియోకి సీటింగ్ ఎంచుకోవడం ఎలా

కొత్తగా స్టూడియో పెట్టుకునేవాళ్ళు నన్ను మొదట అడిగేది "ఏ కుర్చీ కొనమంటారు?" అని. నేను తిరిగి అడిగేది "అక్కడ ఎవరెవరు ఏం పని చేస్తారు?" అని. ఎందుకలా అడుగుతానో చెప్పాలంటే మా సంగతి కొంచెం చెప్పాలి.

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక పాత డాబా మేడ మీద మేం ఎనిమిదిమందిమి కలిసి పనిచేస్తాం. ఇద్దరు బొమ్మలు గీస్తారు. ఒక తమ్ముడు వీడియో ఎడిటింగ్ చేస్తాడు. ఒక అక్క మట్టితో పాత్రలు చేస్తుంది, ఇంకొకావిడ బట్టల మీద అచ్చులు వేస్తుంది. మిగతావాళ్ళవి రాత పనులు, సాయంత్రాలు వయొలిన్ పాఠాలు. మొదటి ఏడాది అందరికీ ఒకేరకం ఆఫీసు చైర్లు కొన్నాం. మెత్తటి సీటు, వెనక్కి వాలే వీపు, చేతులకి ఆసరా. మూడు నెలలు గడిచాక గమనిస్తే, ఎడిటింగ్ తమ్ముడు పొద్దున పదింటికి కూర్చుని ఒంటిగంటకి అన్నానికే లేస్తున్నాడు. నీళ్ళ సీసా, చార్జర్, హార్డ్ డిస్కులు అన్నీ చేతికందేంత దూరంలో ఉన్నాయి. ప్రింటర్ దగ్గరికి కూడా లేవకుండా, కుర్చీతో సహా జరుగుతూ వెళ్ళి వస్తున్నాడు. నడుం పట్టేసిందని అన్నప్పుడు తను కోరింది ఇంకా ఖరీదైన కుర్చీ.

అప్పుడు అనిపించింది, మేం వెతకాల్సింది మంచి కుర్చీని కాదని. మనిషిని రోజులో నాలుగైదు చోట్లకి, నాలుగైదు ఎత్తులకి తిప్పే గది కావాలి. లండన్ బస్సుల మీద జెర్రీ మారిస్ అనే వైద్యుడి బృందం 1953లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ గుర్తుకొస్తుంది. డబుల్ డెక్కర్ బస్సుల్లో రోజంతా కూర్చునే డ్రైవర్లకంటే, మెట్లెక్కి దిగుతూ టికెట్లు కొట్టే కండక్టర్లకి గుండెజబ్బులు తక్కువగా కనిపించాయి. వ్యాయామం చేయమని ఆ కండక్టర్లకి ఎవరూ చెప్పలేదు. టికెట్ కొట్టాలంటే పైకెక్కాల్సిందే, అంతే.

కొనేముందు చూసుకోవాల్సినవి

*లేవడం ఎంత తేలిక.* నేను అన్నిటికంటే ముందు చూసేది ఇదే. 45 సెంటీమీటర్ల ఎత్తున్న మామూలు కుర్చీ నుంచి లేవాలంటే ముందుకు వంగి, మోకాళ్ళ మీద బరువు మోపాలి. 70 సెంటీమీటర్ల స్టూలు నుంచైతే కాలు కింద పెడితే చాలు, నిలబడ్డట్టే. లేవడానికి బద్ధకించే సీటు నుంచి ఎవరూ ఊరికే లేవరు.

*కూర్చున్నచోట ఎన్నిరకాలుగా కూర్చోవచ్చు.* కాలు మడిచి, చాపి, పక్కకి తిరిగి, ఒక కాలు కిందికి వదిలి ఇలా. సీటు ఎంత వెడల్పుగా, ఎంత చదునుగా ఉంటే అన్ని రకాలు.

*చెయ్యి నిలకడ.* సన్నటి బ్రష్షుతో గీత గీసేటప్పుడు, సర్క్యూట్‌కి సోల్డరింగ్ పెట్టేటప్పుడు కింద సీటు ఊగితే పని చెడిపోతుంది. కదిలించే సీటింగ్ అనగానే ఊగేవన్నీ కొనేసేవాళ్ళు ఈ ఒక్కటీ మర్చిపోతారు.

*ఎవరికి సరిపోదు.* చీర కట్టుకున్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు, గర్భిణులు, పొట్టివాళ్ళు, పిల్లలు. ఉమ్మడి చోటు కాబట్టి "నాకు బాగుంది" అనే మాట చాలదు.

*ఒక్క చేత్తో ఎత్తగలమా.* బరువుగా ఉన్న సీటు ఎక్కడ పెట్టింది అక్కడే ఉంటుంది, దాంతోపాటు మనిషీ అక్కడే ఉంటాడు.

ఆ తర్వాత ఎండ. మే నెలలో రెగ్జిన్ సీటు మీద అరగంట కూర్చుంటే చొక్కా అంటుకుపోతుంది. కోస్తాలో ఉన్నవాళ్ళు నెట్ అల్లిక, కర్ర, కడప బండ, చాప, వీటినే చూడటం మంచిది.

ఆఫీసు చైర్

దీన్ని తీసిపారేయమని నేను చెప్పను. రోజుకి ఆరు గంటలు స్క్రీన్ ముందు ఉండక తప్పనివాళ్ళకి వీపు ఆసరా కావాలి. నడుంకి ఆపరేషన్ అయినవాళ్ళకైతే వేరే దారే లేదు. ఎత్తు మార్చుకోవచ్చు కాబట్టి పొడుగువాళ్ళకీ పొట్టివాళ్ళకీ ఒకటే సరిపోతుంది. కొనేటప్పుడు ఒకటి చూసుకోండి: సీటు ఎంత కిందికి దిగుతుంది? చాలా మోడళ్ళు 44, 45 సెంటీమీటర్ల దగ్గరే ఆగిపోతాయి. అయిదడుగుల మనిషికి పాదాలు నేలకి ఆనవు, తొడల కింద నొక్కుతుంది. 40 దాకా దిగేది వెతకండి.

దీని లోపం దీని సుఖంలోనే ఉంది. అందుకే మా దగ్గర ఇప్పుడు ఇవి రెండే ఉన్నాయి, రెండూ ఎవరి సొంతమూ కావు. కావాల్సినవాళ్ళు కావాల్సినంతసేపు వాడుకుని లేస్తారు.

ఎత్తు స్టూలు, ఎత్తు బల్ల

ఒకే ఒక్క మార్పు చేయగలిగితే ఇది చేయమంటాను. బల్ల ఎత్తు 95 నుంచి 100 సెంటీమీటర్లు, అంటే మన సగటు మనిషి మోచేతి ఎత్తు. స్టూలు 68 నుంచి 72. ఆ బల్ల దగ్గర నిలబడీ పనిచేయవచ్చు, స్టూలు అంచున సగం ఆనీ చేయవచ్చు, ఎక్కి కూర్చునీ చేయవచ్చు. నిలబడ్డవాళ్ళ కళ్ళు, కూర్చున్నవాళ్ళ కళ్ళు దాదాపు ఒకే ఎత్తులో ఉంటాయి. దాంతో దారిన పోయేవాళ్ళు ఆగి, బల్ల మీదున్న పనిని చూసి ఓ మాట అనడం మొదలవుతుంది. కలిసి పనిచేసే చోటుకి అంతకంటే ఏం కావాలి?

పెడన వెళ్ళి కలంకారీ అచ్చులు వేసేవాళ్ళని చూస్తే ఈ బల్ల సంగతి బాగా అర్థమవుతుంది. పొడుగాటి బల్ల మీద బట్ట పరిచి, రంగు పెట్టెని వెంట లాక్కుంటూ, అచ్చు తర్వాత అచ్చు కొట్టుకుంటూ ఆ చివరిదాకా నడుస్తారు. అక్కడ బల్ల పొడుగే మనిషిని నడిపిస్తుంది. మా అచ్చుల ఆవిడ కూడా చిన్న బల్లని వదిలి పొడుగు బల్లకి మారాక, పని మధ్యలో కాళ్ళు తిమ్మిరెక్కడం తగ్గిందని చెప్పింది.

స్టూలు చేయించేటప్పుడు జాగ్రత్త పడాల్సింది కాళ్ళు పెట్టుకునే అడ్డకర్ర దగ్గర. మాకు మొదట చేసిన వడ్రంగి దాన్ని నేలకి 15 సెంటీమీటర్ల ఎత్తులో బిగించాడు. చూడటానికి బాగుంది. కానీ పొట్టివాళ్ళ కాళ్ళు గాల్లో వేలాడాయి, పావుగంటకే తొడల మీద సీటు అంచు గీతలు పడ్డాయి. సీటుకీ అడ్డకర్రకీ మధ్య 40 సెంటీమీటర్లు ఉండాలి. అంటే 70 సెంటీమీటర్ల స్టూలుకి అడ్డకర్ర నేల నుంచి 30 దగ్గర రావాలి. సీటు ముందు అంచుని గుండ్రంగా చెక్కించండి. ఈ రెండూ సరిగ్గా లేకపోతే ఎంత మంచి టేకుతో చేయించినా ఆ స్టూలు మూల పడి ఉంటుంది.

ఎవరికి కుదరదు? పిల్లలకి, తూలేవాళ్ళకి, ఏకధాటిగా గంటల తరబడి టైప్ చేసేవాళ్ళకి.

నేల: చాప, పీట, వాలు రాతబల్ల

ఇది మనకి కొత్త కాదు. శ్రీకాళహస్తిలో కలంతో బొమ్మలు వేసేవాళ్ళూ, కొండపల్లిలో పొణికి కర్ర చెక్కేవాళ్ళూ నేల మీదే కూర్చుంటారు. బాసింపట్టు వేసి కొంతసేపు, ఒక మోకాలు పైకెత్తి కొంతసేపు, గొంతుక్కూర్చుని కొంతసేపు. ఎవరూ చెప్పకుండానే పది నిమిషాలకోసారి ఒళ్ళు మారుతుంది, ఎందుకంటే నేల మీద ఒకే భంగిమలో ఎక్కువసేపు ఉండలేం. టాంజానియాలో వేటాడి బతికే హడ్జా తెగవాళ్ళ మీద 2020లో వచ్చిన ఒక అధ్యయనం ఇలాంటి సంగతే చెప్పింది. వాళ్ళు రోజుకి దాదాపు పది గంటలు విశ్రాంతిగానే గడుపుతారు. అయితే అందులో కొంత భాగం గొంతుక్కూర్చునో మోకాళ్ళ మీదో ఉంటారు కాబట్టి, కుర్చీలో కంటే కాళ్ళ కండరాలు ఎక్కువ పనిచేస్తూనే ఉంటాయి.

నేల సీటింగ్ చవక, పిల్లలకి ఇష్టం, సంగీతానికి ఇంకే ఏర్పాటూ దీనికి సాటిరాదు. కానీ ఉత్త నేల మీద చాప పరిచి వదిలేస్తే సరిపోదు. పిరుదుల కింద ఎనిమిది, పది సెంటీమీటర్ల ఎత్తున గట్టి దిండో మడత దుప్పటో ఉంటే మోకాళ్ళు కిందికి దిగి నడుం నిటారుగా నిలుస్తుంది. రాతకి 28 నుంచి 32 సెంటీమీటర్ల ఎత్తున్న వాలు బల్ల కావాలి. లాప్‌టాప్‌ని ఒళ్ళో పెట్టుకుని మెడ వంచడానికైతే నేల వద్దు.

మోకాలు అరిగినవాళ్ళని నేల మీద కూర్చోమనడం హింస. యాభై దాటినవాళ్ళు వచ్చే చోట నేల ఒక్కటే ఉంచకూడదు. పక్కనే కనీసం ఒక అరుగో, చేతుల ఆసరా ఉన్న కుర్చీయో ఉండాలి. "పర్లేదు బాబూ, నేను నిలబడతాలే" అని పెద్దవాళ్ళు అంటున్నారంటే వాళ్ళకి అక్కడ చోటు లేదని అర్థం.

ఇక్కడే గుంట మగ్గం గురించి ఒక మాట. మంగళగిరిలోనో పోచంపల్లిలోనో నేతకారుడు గుంట అంచున కూర్చుని, కాళ్ళతో తొక్కుచెక్కలు తొక్కుతూ, చేత్తో తాడు లాగుతూ రోజంతా కదులుతూనే ఉంటాడు. అయినా నేతపనిలో నడుంనొప్పి, మోకాళ్ళ నొప్పి లేనివాళ్ళు అరుదు. కదలిక ఉంటే చాలదు, అది మారుతూ ఉండాలి. సీటు కొనేటప్పుడు నేనెప్పుడూ దీన్ని గుర్తుపెట్టుకుంటాను.

అరుగు, మెట్లు, పెట్టెలు

మా మేడకి ఒకవైపు కిటికీ కింద పొడుగ్గా అరుగు కట్టించాం, పైన కడప బండ. ఎత్తు 44, లోతు 70 సెంటీమీటర్లు. దాని ముందు 22 సెంటీమీటర్ల ఎత్తులో ఇంకో మెట్టు. కింది మెట్టు మీద కూర్చుంటే పై అరుగు బల్ల అవుతుంది. పైన కూర్చుంటే కింది మెట్టు కాళ్ళకి ఆసరా. లోతు ఎక్కువ కాబట్టి కాళ్ళు పైకి ముడుచుకుని గోడకి ఆనుకోవచ్చు. 45 లోతుతో కట్టిస్తే అది బస్టాండు బెంచీ అయ్యేది, ఇన్నిరకాల కూర్చోవడాలు దొరికేవి కావు. మొత్తం స్టూడియోలో జనం ఎక్కువగా చేరేది ఇక్కడికే. బొమ్మ సగం గీసి తెచ్చి అరుగు మీద ఆనించి, దూరంగా వెళ్ళి చూస్తారు. అలా చూడటానికి నాలుగడుగులు వెనక్కి వేస్తారు, మళ్ళీ ముందుకొస్తారు.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదికకి ఒక సాయంత్రం వెళ్ళి చూడండి. మెట్ల సీటింగ్ జనాన్ని ఎలా సర్దుకునేలా చేస్తుందో, ఇద్దరొస్తే ఇద్దరికి, ఇరవైమందొస్తే ఇరవైమందికి ఎలా చోటిస్తుందో అక్కడ తెలుస్తుంది.

అద్దె ఇంట్లో అరుగు కట్టనివ్వరు. అప్పుడు ప్లైవుడ్ పెట్టెలు చేయించుకోండి. సినిమా షూటింగుల్లో వాడే యాపిల్ బాక్సు మీకు తెలిసే ఉంటుంది: 8, 12, 20 అంగుళాల కొలతల్లో, ఎలా తిప్పితే ఆ ఎత్తు వచ్చే పెట్టె. అదే సూత్రంతో 30, 40, 50 సెంటీమీటర్ల పెట్టె చేయిస్తే ఒక్క దాంట్లో మూడు ఎత్తుల సీట్లు ఉంటాయి. రెండువైపులా చెయ్యి దూరే కంత పెట్టించండి. రెండు పెట్టెల మీద ఒక చెక్క వేస్తే బల్ల కూడా అవుతుంది.

శాడిల్ సీటు, మోకాలి కుర్చీ

నార్వే డిజైనర్ పీటర్ ఓప్స్‌విక్ 1979లో మోకాళ్ళ మీద ఆనుకునే కుర్చీని, 1984లో గుర్రపు జీను లాంటి సీటున్న కుర్చీని తెచ్చాడు. రెండోదాని వీపుని ఛాతీకి ఆనించుకుని ఎదురుగా తిరిగి కూర్చోవచ్చు, పక్కకీ కూర్చోవచ్చు. ఆలోచనగా ఇవి నాకు చాలా ఇష్టం. తొడలు కిందికి వాలడంతో నడుం తనంతట తానే నిలబడుతుంది.

మన చోట ఇబ్బంది చీర దగ్గర వస్తుంది. రెండువైపులా కాళ్ళు వేయాల్సిన శాడిల్ మీద చీరలో కూర్చోలేరు. మోకాలి కుర్చీలోకి ఎక్కడం దిగడం కూడా అంత సులువు కాదు, కాబట్టి కూర్చున్నాక లేవబుద్ధి కాదు. జీన్సు వేసుకునే కుర్రకారు, గంటల కొద్దీ గీసేవాళ్ళు ఉంటే ఒకటి కొనుక్కోండి. ఎనిమిదీ ఇవే కొనొద్దు.

జిమ్ బాల్, ఊగే స్టూలు

జిమ్ బాల్, అంటే ఎక్కి కూర్చునేంత పెద్ద గాలి బంతి, వద్దు. ఎక్కువసేపు కూర్చుంటే కుర్చీకంటే అసౌకర్యమే తప్ప నడుంకి పెద్ద లాభం లేదని పరిశోధనల్లోనూ తేలింది. పైగా ఉమ్మడి గదిలో దొర్లుతూ అందరి కాళ్ళకీ అడ్డం. అడుగు గుండ్రంగా ఉండి ఊగే స్టూలు దానికంటే నయం. మాటలకీ చిన్న మీటింగులకీ బాగుంటుంది, సన్నటి చేతిపనికి కాదు.

ఉయ్యాల బల్ల సంగతీ అడుగుతుంటారు. స్లాబుకి కొక్కేలుంటే తప్పకుండా వేయండి. ఆలోచించుకోవడానికి, ఫోన్ మాట్లాడుకోవడానికి అంతకంటే మంచి సీటు నేను చూడలేదు. ముందూ వెనకా మీటరు ఖాళీ వదలాలి, అదే దాని అసలు ఖర్చు.

ఎత్తు మార్చే మోటారు బల్ల

ఇది సీటు కాకపోయినా దీని గురించి అడగనివాళ్ళు లేరు. నిలబడితే కొవ్వు కరుగుతుందన్న ఆశతో కొనకండి. కూర్చోవడంకంటే నిలబడితే నిమిషానికి 0.15 కేలరీలే ఎక్కువ ఖర్చవుతాయి, అంటే గంటకి తొమ్మిది. రోజంతా నిలబడితే కాళ్ళ నరాలు ఉబ్బే ప్రమాదం వేరే. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ హెడ్జ్ సూచించే లెక్క నాకు నచ్చుతుంది: ప్రతి అరగంటలో 20 నిమిషాలు కూర్చోవడం, 8 నిలబడటం, 2 నడవడం. ఆ లెక్కకి మోటారు అక్కర్లేదు, పక్కపక్కన రెండు ఎత్తుల బల్లలున్నా చాలు.

ఒక్కచోట చూడాలంటే

| సీటు | లేవడం | భంగిమలు మార్చడం | చేతి నిలకడ | హాయిగా ఎంతసేపు | ఎవరికి వద్దు |
|---|---|---|---|---|---|
| ఆఫీసు చైర్ | బద్ధకం | కొంచెం | బాగుంటుంది | గంటల తరబడి | ఎత్తు దిగకపోతే పొట్టివాళ్ళకి |
| ఎత్తు స్టూలు | చాలా తేలిక | మధ్యస్థం | బాగుంటుంది | 20–40 నిమిషాలు | పిల్లలు, తూలేవాళ్ళు |
| నేల, పీట | కష్టం | చాలా ఎక్కువ | చాలా బాగుంటుంది | అలవాటుని బట్టి | మోకాళ్ళ నొప్పులు |
| అరుగు, మెట్లు | తేలిక | చాలా ఎక్కువ | బాగుంటుంది | అరగంట, గంట | వీపు ఆసరా తప్పనిసరైనవాళ్ళు |
| శాడిల్, మోకాలి కుర్చీ | మధ్యస్థం | మధ్యస్థం | బాగుంటుంది | గంట | చీర కట్టేవాళ్ళు, మోకాళ్ళ నొప్పులు |
| ఊగే స్టూలు | తేలిక | ఎక్కువ | తక్కువ | 15–20 నిమిషాలు | పెద్దవాళ్ళు, గర్భిణులు |

హాయిగా ఎంతసేపు అన్నది మా వాళ్ళని చూసి రాసింది. 20 నిమిషాలే అని ఉన్నచోట అది తక్కువని అనుకోకండి. ఆ తర్వాత మనిషి లేచి ఇంకో చోటికి వెళ్తాడు, మనకి కావాల్సింది అదే.

మీది ఏ రకం చోటు?

అంతా కంప్యూటర్ పనే అయితే ప్రతి ఇద్దరికీ ఒక మంచి ఆఫీసు చైర్, ఆ ఇద్దరికీ కలిపి ఒక ఎత్తు బల్ల. మీటింగులన్నీ ఎత్తు బల్ల దగ్గరే పెట్టండి, త్వరగా ముగుస్తాయి కూడా. ఫోన్ కాల్స్‌కి అరుగు.

చేతిపని ఎక్కువైతే ఎత్తు స్టూళ్ళు ముఖ్యం, నేల ఆ తర్వాత. మట్టి, రంగులు ఉండే చోట బట్ట కుషన్లు పెట్టకండి.

మాట, పాట, రాత నడిచే చోటైతే డబ్బంతా అరుగుకీ చాపలకీ పెట్టండి. కుర్చీలు నాలుగు చాలు, అందులో రెండు చేతుల ఆసరా ఉన్నవి.

ఎనిమిదిమందికి మా ఖర్చు, అరుగు కట్టించింది కాకుండా: ఆఫీసు చైర్లు రెండు 20 వేలు, ఎత్తు స్టూళ్ళు నాలుగు 10 వేలు, పొడుగు ఎత్తు బల్ల 12 వేలు, ప్లైవుడ్ పెట్టెలు ఆరు 7 వేల చిల్లర, చాపలు, దిండ్లు, రాతబల్లలు 6 వేలు. మొత్తం 55 వేలు దాటింది. అందరికీ మధ్యరకం ఆఫీసు చైర్లు కొన్నా ఇంతకంటే ఎక్కువే అవుతుంది. ఈ ధరలు మీ ఊరి వడ్రంగి కూలిని బట్టి మారతాయి.

ఇక ఏది ఎక్కడ పెట్టాలన్నది కొనడం కంటే ముఖ్యం. మేం ఒక్కొక్కరి దగ్గరున్న చెత్తబుట్టలు తీసేసి గదికి ఒకటే పెట్టాం. మంచినీళ్ళ కుండ అరుగు చివరికి వెళ్ళింది. కాగితం కోసే కట్టర్, ప్రింటర్ ఎత్తు బల్ల మీదికి చేరాయి. ఎడిటింగ్ తమ్ముడు మొదటి వారం విసుక్కున్నాడు. ఇప్పుడు నీళ్ళకి వెళ్ళినప్పుడు అరుగు మీద ఎవరుంటే వాళ్ళతో రెండు మాటలు మాట్లాడి వస్తున్నాడు. పొద్దున రెండు గంటలు ఆఫీసు చైర్లో ఎడిటింగ్, తర్వాత ఎత్తు బల్ల దగ్గర నిలబడి ఫుటేజ్ చూడటం, మధ్యాహ్నం అరుగు మీద స్క్రిప్టు చదవడం. కొత్త కుర్చీ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఆర్డర్ ఇచ్చేముందు ఒక వారం ప్రయోగం చేయండి. దగ్గర్లోని టెంట్ హౌస్ నుంచి స్టూళ్ళు, బెంచీలు, పరుపులు అద్దెకి తెచ్చుకోండి. ఎత్తు బల్ల కావాలంటే మామూలు బల్ల కాళ్ళ కింద ఇటుకలు పెట్టండి. ప్రతి సీటుకీ ఒక కాగితం అంటించి, కూర్చున్న ప్రతిసారీ ఒక గీత పెట్టమని అందరికీ చెప్పండి. వారం చివర గీతలు లెక్కపెట్టేటప్పుడు ఎక్కువ గీతలున్న సీటుని మాత్రమే చూడొద్దు, ఎక్కువమంది చేతిరాతలున్న సీటేదో కూడా చూడండి. నేనైతే వడ్రంగికి ఆ సీటు కొలతలే ముందు ఇస్తాను.